మిగిలిన గుడ్డు

అలేఖ్య బడికి రాని మొదటి రోజు సునందకు హాయిగా అనిపించింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. నాలుగో తరగతి గది ఆ రోజు చెప్పినట్టు విన్నది. ఎక్కం మొదలుపెడితే చివరిదాకా సాగింది. పాఠం మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, గొంతెత్తి కూనిరాగం తీయలేదు, లేచి వచ్చి ఆమె కొంగు పట్టుకొని నిలబడలేదు. ఇంటికి పోయే బస్సులో, రోజూ ఇట్లాగే ఉంటే ఎంత బాగుండు అనుకుంది. అనుకున్నాక, పక్క సీటులో కూర్చున్నామె విన్నదేమోనని అటు చూసింది.

పిల్ల రాకపోవడానికి కారణమూ తనే. పై ఆఫీసరు బడి చూడవస్తున్నాడని తెలిసిన సాయంత్రం, అలేఖ్యను తీసుకుపోవడానికి వచ్చిన తల్లి గంగమణిని గేటు దగ్గర ఆపింది. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళ కొసలు నల్లబడ్డ మనిషి.

"రేపొక్క రోజు పాపను ఇంటికాడనే ఉంచుకో అక్కా. కొత్తోళ్ళొస్తరు, పాప బెదురుతది" అంది సునంద.

కొత్తవాళ్ళను చూస్తే తన కూతురు బెదరదని, ఎదురుపోయి చెయ్యి పట్టుకుంటుందని గంగమణికి తెలుసు. సునందకూ తెలుసు. గంగమణి తలూపి పిల్లను తీసుకుపోయింది. ఆ ఒక్క రోజు పోయి పంతొమ్మిది రోజులైంది. ఆమె పిల్లను పంపలేదు, ఈమె పంపమనలేదు. రిజిస్టరులో మాత్రం అలేఖ్య ఒక్క రోజూ మానలేదు. ఇన్నాళ్ళు రాలేదని రాస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి.

ఇరవయ్యో రోజు ఆదివారం. సునంద కౌసల్య టీచర్ ఇంటికి పోయింది. చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన మనిషి, ఇప్పుడు రిటైరైంది. కాలేజీ మొహం చూడకుండా ఇంట్లోనే పుస్తకాలు ముందేసుకొని పరీక్షలు గట్టెక్కిన సునందకు, ఏ సందేహం వచ్చినా అడగడానికి ఈమె తప్ప గురువంటూ ఇంకొకరు లేరు. కౌసల్య టీచర్‌కు ఒక అలవాటుంది. ఎవరేం అడగవచ్చినా ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇస్తుంది. ఆ పొద్దు గోకరకాయల చాట సునంద ముందుకు జరిపి, ఈనెలు తియ్యమంది.

రెండు కాయలు తుంచాక సునంద అడిగింది. "అన్ని తీర్ల పిల్లల్ని ఒక్క గదిల కూసోబెట్టి చెప్పుమంటరు గద టీచర్. మా క్లాసుల అలేఖ్య అని ఒక పాప ఉంది. మాట రాదు, ఒక్కతాన కూసోదు. అసొంటి పాప ఉన్న క్లాసును ఎట్ల నడపాలె?"

"రోజు వస్తదా?"

"వస్తది టీచర్. ఒక్క రోజు మానది."

కౌసల్య టీచర్ ఇంకో కాయ తుంచింది. తర్వాత, అడిగినదానికి కాకుండా, పద్నాలుగేళ్ళ కిందటి సంగతి ఒకటి ఎత్తుకుంది.

అప్పుడు ఆమె తరగతిలో నలభై మంది. అందులో కల్పన అనే పిల్లకు చెవులు వినపడవు. టీచరు తల వంచుకొని రిజిస్టరు చూస్తూ పేర్లు చదివేది, పిల్లలు ఒక్కొక్కరే పలికేవాళ్ళు. కల్పన పేరు రాగానే పక్కన కూర్చునే రబియా "వచ్చింది టీచర్" అనేది. రోజూ రెండు పేర్లకు ఒకే గొంతు. ఆరు నెలలు అట్లాగే నడిచింది. తన తరగతి ఎంత బాగా కుదురుకుందోనని టీచరు సంతోషపడింది కూడా.

ఒక నాడు రబియాకు జ్వరం వచ్చింది. కల్పన పేరు రెండుసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. టీచరు ఇద్దరికీ ఎర్ర సిరాతో రాలేదని గుర్తు పెట్టి, ముప్పై ఎనిమిది మంది అని చీటీ రాసి వంటగదికి పంపింది. అది గుడ్డు పెట్టే రోజు. చీటీలో ఎన్ని ఉంటే అన్నే ఉడుకుతాయి. మధ్యాహ్నం వరుసలో చివరికి కల్పన పళ్ళెం పట్టుకొని వచ్చేసరికి గిన్నెలో గుడ్డు లేదు.

"వంటామె మీదికి లేచిన" అంది కౌసల్య టీచర్. "ఆ రాజవ్వ చీటీ తీసి నా చేతుల పెట్టింది. నన్నంటవేంది టీచరమ్మా, ఈ పిల్ల రాలేదని రాసిచ్చింది నువ్వేనాయె, అన్నది. ఆ పిల్ల నా ఎదురుంగ మొదటి బెంచిల కూసుంటది సునందా. చెయ్యి చాపితే అందేటంత దూరం."

"ఏడ్సిందా?"

"ఏడ్వలే. నా డబ్బాలకెల్లి కూరేసి పెట్టబోతే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. తెల్లారి నేను రిజిస్టరు తెరిసిన్నో లేదో, లేసి నిలబడ్డది. మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాక నిలబడే ఉంది, నా మొఖమే చూసుకుంట. నేను తల ఎత్తేదాక కూసోలే."

సునంద చేతిలో కాయ చేతిలోనే ఉంది. జవాబు దొరికిందన్నట్టు, కాస్త తొందరగానే, "అంటే పేర్లు పిలిచేటప్పుడు ఒక్కొక్కరి మొఖం చూడాలంటరు" అంది.

"నేనేమన్లే. నాకైంది చెప్పిన." కౌసల్య టీచర్ ఈనెలు ఒక పక్కకు ఊడ్చింది. "ఇప్పుడు మీ దగ్గర గుడ్డు వారానికి మూడుసార్లట గద. మీ అలేఖ్య ఎట్ల తింటది? పొట్టు తనే తీసుకుంటదా, నువ్వు తీసిస్తవా?"

మామూలు ప్రశ్నే. ఏ టీచరైనా ఇంకో టీచరును అడగగలిగినదే. అలేఖ్య గుడ్డును వెంటనే తినదు. వేడిగా ఉన్నంతసేపు రెండు చేతుల్లో పట్టుకొని చెంపకు ఆనించుకుంటుంది. చల్లారాక తెచ్చి సునంద ముందు పెట్టి, పొట్టు తియ్యమని వేలితో టేబుల్ మీద కొడుతుంది. ఈ మాట చెప్పడానికి సునంద నోరు తెరిచింది. కానీ గొంతు దాకా వచ్చింది వేరే మాట. ఈ పంతొమ్మిది రోజుల్లో గుడ్డు పెట్టిన ప్రతిసారీ వంటామె చిన్న గిన్నెలో ఒక గుడ్డు తెచ్చి అదే టేబుల్ మీద పెట్టింది. "మీ క్లాసుది ఒకటి మిగుల్తుంది టీచర్, పారేసుడెందుకు, మీరే తినుండ్రి" అంది. ఒకసారి కాదు, ఎనిమిదిసార్లు. మొదటిసారి వద్దంది. తర్వాత వద్దనలేదు. ఉప్పు కూడా అడిగి చల్లించుకుంది.

చేతిలోని గోకరకాయ పుటుక్కున విరిగింది.

"నేనే తిన్న టీచర్" అంది. అని తల దించుకుంది.

కౌసల్య టీచర్ ఆశ్చర్యపోలేదు, ఓదార్చలేదు. చాటలో మిగిలిన కాయలన్నీ తన వైపు లాక్కుంది. సునంద చేతికిచ్చిన పని తిరిగి తీసుకోవడం ఆమెకు అలవాటు లేదు.

సునంద కొంగుకు చేతులు తుడుచుకొని సంచిలోంచి ఫోను తీసింది. 'అలేఖ్య వాళ్ళమ్మ' అని రాసుకున్న నంబరు. ఇన్ని రోజులూ వేరే నంబర్ల కోసం వెతుకుతూ దాన్ని దాటిపోతూ వచ్చింది. ఈ ఆదివారం పూట గంగమణి బీడీల చాట ముందు కూర్చొని ఉంటుంది. ఆకు పక్కన పెట్టి ఫోను ఎత్తుతుందో లేదో. ఎత్తకపోతే మళ్ళీ చెయ్యాలి. అప్పుడూ ఎత్తకపోతే ఇంటికే పోవాలి.

"వాళ్ళమ్మకు ఫోన్ చేస్త టీచర్. రేపటి సంది పాపను పంపుమని చెప్త."

గంగమణితో గేటు దగ్గర అన్న మాట సునంద ఇంతవరకూ ఈమెకు చెప్పనే లేదు.

"పంపుమనుడు తర్వాత బిడ్డా" అంది కౌసల్య టీచర్, కాయల మీంచి చూపు తిప్పకుండానే. "ఎందుకు పంపొద్దన్నవో, ముందుగాల వాళ్ళమ్మకు అది చెప్పు."