బుల్లోడి పెరుగు దొప్పలు

చలికాలంలో రాతి బండల మీద నీళ్లు గడ్డకట్టే కొండల్లో ఎలుగుబంటి కొండమ్మ తన ఒక్కగానొక్క పిల్ల బుల్లోడితో ఉండేది. తేనెపట్టులో మూతి పెట్టినందుకు ఈగలు వాడి నోరంతా కుట్టేశాయి. నాలుక వాచిపోయి వాడు ఏదీ మింగలేకపోయాడు.

గట్టు కిందనుంచి గేదె గంగి చూడటానికి వచ్చింది.

"వదినా, చల్లనిదైతేనే వాడి గొంతు దిగుతుంది. నా పాలు తోడెయ్యి. గట్టి పెరుగులో మగ్గిన అరటిపండూ, బొప్పాయీ మెత్తగా పిసికి కలుపు. దొప్పల్లో పోసి బండ మీద పెడితే పొద్దుటికి గడ్డకడుతుంది."

"కాస్త తేనె వెయ్యనా?"

"ఇంకా ఆ పేరెత్తుతున్నావా! పండు తీపి చాలు."

కొండమ్మ మొదట ఒక్క దొప్పే పెట్టింది. బుల్లోడు చప్పరించి చప్పరించి తిన్నాడు.

"అమ్మా, మంట తగ్గింది. రేపు కూడా పెడతావా?"

"బోలెడు పెడతాను, నాయనా."

ఆ సాయంత్రం బండ నిండా దొప్పలు పేర్చి, పక్కనే కాపలా కూర్చుంది. నక్క సింగన్న వచ్చాడు.

"పిల్లాడు అక్కడ మూలుగుతుంటే నువ్విక్కడేం చేస్తావక్కా? వెళ్లి వాడి పక్కన పడుకో. ఇవి నేను చూస్తాలే."

తల్లి మనసు, నమ్మింది. దొంగ చేతికే తాళం ఇచ్చి వెళ్లింది.

తెల్లారి వస్తే అన్నీ ఖాళీ దొప్పలే.

"పాడు ఎండ! కరిగి కారిపోయాయక్కా," అని సింగన్న కళ్లు తుడుచుకున్నాడు.

గంగి మళ్లీ పాలిచ్చింది. కొండమ్మ మళ్లీ తోడేసింది. అది తోడుకునేదాకా బుల్లోడు ఆగలేదు. "ఇంకా గడ్డకట్టలేదా అమ్మా?" అని అడుగుతూనే పొద్దు గుంకే వేళకు తల్లి ఒళ్లో కన్నుమూశాడు.

పరామర్శకు వచ్చినవాళ్లలో సింగన్న కూడా ఉన్నాడు. గంగి వాడివంక చూసి, అందరికీ వినబడేలా అంది.

"ఒకందుకు ఆ దొప్పలు కరగడమే మేలు. వదిన బొప్పాయి అనుకుని ముష్టిపండు పిసికిందట! ఎవరైనా తినుంటే రేపటి పొద్దు చూడరు."

సింగన్న గంగి కాళ్ల మీద పడ్డాడు. "గంగమ్మ తల్లీ, విరుగుడు చెప్పు! అన్నీ నేనే నాకేశాను!"

"విషం దొప్పల్లో లేదురా. నీ నోట్లో ఉంది. అదే కక్కించాను."

కొండమ్మ పంజా ఎత్తింది. సింగన్న కళ్లు మూసుకున్నాడు. ఆ పంజా అలాగే కిందికి వాలిపోయింది.

"నిన్ను చంపితే నా బిడ్డ నోరు తెరుస్తాడా? పో."

సింగన్న తలొంచుకుని కొండ దిగిపోయాడు. ఎవరూ వాణ్ణి ఆగమనలేదు.

నీతి: దొంగ దొరుకుతాడేమో గానీ, వాడివల్ల పోయిన ప్రాణం దొరకదు.