ఉత్త కత్తెర

బొంతలు కుట్టే మా అచ్చాయమ్మ కత్తెర సంగతి మీకేం తెలుసు! అది కచకచమంటే పైన మబ్బులు ముక్కలయ్యేవి. జమీందారు దాన్ని ముచ్చటపడి లాక్కుని, పొద్దుటినుంచీ ఊరికే ఆడిస్తూ కూర్చున్నాడు. కత్తెర లేనిదే అచ్చాయమ్మకు బతుకేది? దివాణానికి పరుగెత్తింది.

"అయ్యో దొరా! ఉత్త కత్తెర ఆడిస్తే ఇంట్లో తగువులే. అసలే తమకు ఇద్దరు దొరసానులు!"

సరిగ్గా అప్పుడే లోపల గిన్నె ఎగిరిపడింది. దొర చప్పున కత్తెర ఆపాడు.

"ఇప్పుడెలాగే?"

"ఉత్తగా ఎంతసేపు ఆడించారో అంతసేపూ గుడ్డ కత్తిరిస్తే దోషం పోతుంది. మా ఇంట్లో పాత చీరలున్నాయి, తెస్తానుండండి."

బండెడు తెచ్చింది. దొర వేళ్లు బొబ్బలెక్కాయి. "నీ కత్తెరకో దండం, పట్టుకుపోవే!"

కత్తెరా వచ్చింది, బొంతకు ముక్కలూ వచ్చాయి. ఆ బొంత కప్పుకున్నానంటే, ఇప్పటికీ చలి నా గడప అవతలే చేతులు కట్టుకు నిలబడుతుంది!