మంత్రిగారి నెత్తిమీది వేడిబొమ్మ

ఆ కోటలో చలికి రాజుగారి మీసం విరిగి ఒళ్లో పడిందంటే నమ్మండి! సభలో ఓ ఇత్తడిబొమ్మ ఉండేది. వేడెక్కితే అది చెయ్యెత్తుతుంది, అప్పుడు కుంపటిలో బొగ్గులు వెయ్యడం ఆపాలి. ఎత్తిన చెయ్యి దించనే దించదు, రాజుగారి వణుకు తగ్గనే తగ్గదు.

"బొమ్మ భేషుగ్గా ఉంది ప్రభూ, తప్పు కుంపట్లో బొగ్గులు వేసే నాంచారిదే!" అన్నాడు మంత్రి. ఆయన పీట కుంపటి పక్కనే, సరిగ్గా బొమ్మ కింద; సింహాసనమేమో సభకి ఆ చివర.

నాంచారికి ఉరిశిక్ష పడింది. ఆవిడ ఏడుపుకి కోట కందకం పొంగింది.

"ఆఖరి కోరిక ప్రభూ! ఒక్క పూట మీరూ మంత్రిగారూ చోట్లు మార్చుకోండి."

మార్చుకున్నారు. కాసేపటికే సింహాసనం మీద మంత్రి పళ్లు టకటకలాడాయి.

"చచ్చిపోతున్నా! బొమ్మను ఇటు తెండిరా!"

"అదేంటి బాబయ్యా, బొమ్మ భేషుగ్గా ఉందిగా?" అంది నాంచారి, మెడలో తాడుతోనే.

ఆ తాడు విప్పించి, దాంతోనే బొమ్మను సింహాసనం పక్కన కట్టించాడు రాజు.