అలిగిన నీలాచలం

అనగనగా ఒక ఊరు. పాలు చల్లారాయని అలిగి గోడవైపు తిరిగినా, చెవులు ఇటే ఉన్నాయిగా చంటీ, విను. ఆ ఊరు ఎక్కడో చలిదేశపు ఒడ్డు దగ్గర, సముద్రం అడుగున రాళ్ళ మధ్య ఉంది. ఆ రాళ్ళలో నీలాచలం అని ఒక మగచేప. ఒళ్ళంతా నీలం, రెక్కలకి పసుపు అంచు, పెళ్ళికొడుకులా మెరిసిపోయేవాడు. అతని పెళ్ళాం పైడమ్మ. పాపం, ఆవిడది మట్టిరంగు.

నీలాచలానికి ముక్కు మీదే కోపం. ఒకరోజు రొయ్య చిన్నదని అలిగి, నాచు వెనక్కి పోయి కూర్చున్నాడు. అప్పుడు పైడమ్మ వెళ్ళి, "రండి, మీరు లేక ఇల్లు బోసిగా ఉంది" అని బతిమాలి తెచ్చుకుంది. ఆ తర్వాత, పీత ఎరుపు బాగుందని పైడమ్మ అన్నందుకు అలిగాడు. మళ్ళీ బతిమాలింది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా.

మూడోసారి దేనికి అలిగాడనుకున్నావు? అలిగి చాలా రోజులైందని అలిగాడు.

సరిగ్గా అప్పుడే పొరుగురాళ్ళ గండుచేప ఒకటి ఇల్లు లాక్కుందామని వచ్చింది. ఉన్న ఒక్క గూడూ పోతే ఎక్కడ తలదాచుకోవాలి? పైడమ్మ కొంగు బిగించింది. చేపకి కొంగేమిటంటావా, సరే, రెక్క బిగించింది. తరిమింది. అది మర్నాడూ వచ్చింది, మళ్ళీ తరిమింది. ఇక మొగుణ్ణి బతిమాలే తీరిక ఎక్కడిది?

ఆ చేపల జాతిలో ఒక వింతుంది. ఇల్లు కాసే మగాడు లేకపోతే, కాసిన ఆడదే మగాడైపోతుంది. ముందు పైడమ్మ తోక నీలమైంది. ఆ తర్వాత నడుం. ఆ తర్వాత మొహం.

నాచు వెనక నీలాచలం ఎదురుచూసి, ఎదురుచూసి, ఆకలికి ఆగలేక తనే వచ్చాడు. గుమ్మంలో ఇంత లావు నీలంచేప నిలబడి ఉంది.

"మా పైడమ్మేదీ? నన్ను పిలవడానికి రాలేదేం?" అన్నాడు నసుగుతూ.

"పిలిచే పైడమ్మ ఇక లేదు బాబూ. నేను పైడయ్యని" అంది. కాదు కాదు, అన్నాడు. "ఆకలైతే రొయ్య తిని వెళ్ళు. చిన్నదే ఉంది."

నీలాచలం ఆ చిన్న రొయ్యే తిని, వేరే రాయి వెతుక్కుంటూ పోయాడు.

ఏం చంటీ, ఇటు తిరిగావా? మా బంగారుతల్లి. నేనూ రెండుసార్లే పిలుస్తానమ్మా.

కథేమో కంచికి,
అలకేమో అటకకి,
నీలాచలం నాచుకి,
మన చంటి అమ్మమ్మ పక్కకి.