పిస్టల్ పిడికి కొలత

మూత పడలేదు.

పోటీకి ముందురోజు పరికరాల తనిఖీ. నవత పిస్టల్‌ని ఆఫీసరు కొలత డబ్బాలో అటు తిప్పి పెట్టాడు, ఇటు తిప్పి పెట్టాడు. గాలి పిస్టల్ ఏ కంపెనీదైనా ఆ డబ్బాలో ఇమడాలి, పైన మూత పూర్తిగా మూసుకోవాలి. అది నియమం. నవత పిస్టల్ గొట్టం ఇమిడింది. చెక్క పిడి మాత్రం పన్ను నొప్పితో వాచిన చెంపలా ఒక పక్కకి పొడుచుకొచ్చి, మూతని లేపి పట్టుకుంది.

"ఏం పెట్టి పెంచావమ్మా దీన్ని?" అన్నాడు ఆఫీసరు.

వెనక వరసలో ఎవరో నవ్వారు. నవత తిరిగి చూడలేదు.

"రేపు పొద్దున మళ్ళీ తీసుకురా. అప్పుడూ మూత పడకపోతే లైను మీదికి రానివ్వం. నన్ను తిట్టుకోకు, నియమం నేను రాయలేదు."

ఆమె పిస్టల్‌ని నల్లపెట్టెలో పెట్టుకుని బయటికి వచ్చింది. బస్సులో కూచున్నా పెట్టె ఒళ్ళోనే. రేపు రాష్ట్ర జట్టుకి ఎంపిక. జట్టులో పేరుంటేనే పోలీసు శాఖలో ఆటగాళ్ళ కోటా ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చు. వయసు పరిమితి ఈ ఏడాదితో అయిపోతుంది. వచ్చే ఏడాది ఆమె ఎంత బాగా కాల్చినా చప్పట్లు కొట్టేవాళ్ళుంటారు గాని ఉద్యోగం ఇచ్చేవాళ్ళుండరు.

ఆ పిడికి అంత లావు ఊరికే రాలేదు.

పిస్టల్ కాల్చేవాళ్ళకి ఒక అలవాటు ఉంది. కంపెనీ ఇచ్చిన చెక్క పిడి చేతికి అచ్చంగా సరిపోదు. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ ఆకురాయితో తీస్తారు, ఎక్కడ ఖాళీ తగిలితే అక్కడ లప్పం పట్టిస్తారు. అందరూ చేసేదే. నవత ఎక్కువ చేసింది. చెడ్డ స్కోరు వచ్చిన ప్రతి రోజూ పిడి మీద ఒక పొర. చిటికెన వేలి కింద ఒకటి, బొటనవేలి పక్కన ఒకటి, మణికట్టు దగ్గర ఇంకొకటి. పట్టించడం, ఎండాక ఉప్పుకాగితంతో రుద్దడం, పట్టుకుని చూడటం, మళ్ళీ పట్టించడం. సాయంత్రం సరిపోయింది పొద్దున సరిపోయేది కాదు. అప్పుడు చేతిని అనుమానించదు మనిషి. చెక్కనే అనుమానిస్తుంది.

కంపెనీని మాత్రం ససేమిరా అనుమానించదు.

నవత వాళ్ళు సాధన చేసే షెడ్డు శామీర్‌పేట దాటాక ఉంది. ఒకప్పుడు కోళ్ళఫారం. కోళ్ళు పోయి ఏళ్ళయినా వాన పడితే ఆ వాసన లేచి వస్తుంది. అక్కడ కాల్చేవాళ్ళు రెండు జాతులు, నల్లపెట్టె వాళ్ళు, ఎర్రపెట్టె వాళ్ళు. ఒక కంపెనీ తన పిస్టల్‌ని నల్ల పెట్టెలో పెట్టి పంపుతుంది, ఇంకోటి ఎర్ర పెట్టెలో. అంతే తేడా అంటే ఇద్దరూ మీద పడతారు. ఆ కంపెనీలు నడిపేవాళ్ళకి ఇలాంటి షెడ్డు ఒకటి ఉందన్న సంగతే తెలియదు. ఇక్కడ మాత్రం వాళ్ళ తరఫున పోట్లాడి, నెలల తరబడి ఒకరితో ఒకరు మాటలు మానేసిన మహానుభావులున్నారు. వేరే కులంలో పెళ్ళి చేసుకుని వచ్చిన వాణ్ణి అందరూ కలిసి టీకి పిలిచారు. నల్లపెట్టె అమ్మి ఎర్రపెట్టె కొన్నవాడికి మాత్రం ఆ టీ కూడా దొరకలేదు.

నవత నల్లపెట్టె మనిషి. మామూలు మనిషి కాదు, ప్రచారకురాలు.

ఆమె షెడ్డులోకి వచ్చేసరికి ఇర్ఫాన్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఎర్రపెట్టె వాడు. ఆమె కంటే చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. కొలత డబ్బా వార్త ఆమె కంటే ముందు బస్సు దిగింది.

"మూత పడలేదంట గదా అక్కా. మూత మీద కూచోకపోయినవా?"

"నీ పని చూస్కో."

"నా పని అయిపోయింది. నాది టక్కున ఇమిడింది." అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "నా దగ్గర ఇంకోటి ఉంది. పాతదే, మంచిగ కొడ్తది. రేపటికి తీస్కో."

"ఎర్రదా?"

"కొలత డబ్బాకి రంగు తెల్వదు అక్కా."

"దాన్ని చూస్తేనే నా అరచెయ్యి ముడుచుకుపోతది. నీళ్ళ పైపుని పట్టుకున్నట్టుంటది అది."

"సరే, నీళ్ళ పైపు నా దగ్గరే ఉంచుకుంట," అని ఇర్ఫాన్ పక్కకి తప్పుకున్నాడు. అతనికి కోపం రాలేదు.

షెడ్డు చివర, బెంచికి బిగించిన ఇనుప పట్టు, వైసు, దగ్గర సువార్తమ్మ కూచుని ఉంది. సాయుధ పోలీసులో పాతికేళ్ళు చేసి వచ్చిన మనిషి. ఆ షెడ్డులో అందరికీ కాల్చడం నేర్పేది ఆమే, అందరి పిడులూ చెక్కేది ఆమే. నవత పిడి మీద పొరలు పెరగటం ఆమె చూస్తూనే ఉంది. ఒకసారి "ఇక చాలు" అంది. రెండోసారి అనలేదు. రెండోసారి చెబితే వింటారని నమ్మే వయసు దాటిపోయింది ఆమెకి.

నవత పెట్టె తెరిచి ముందు పెట్టింది.

"మేడమ్, మూత పడాలె. గ్రిప్ పట్టు మాత్రం ఇట్లనే ఉండాలె. ఎట్లనన్నా చెయ్యండి."

సువార్తమ్మ పిస్టల్ తీసింది. లోపల గుండు ఏమీ లేదని చూసుకుంది. పిడిని విప్పి అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"ఇట్లనే అంటే?"

"ఇప్పుడు సరిగ్గ నా చేతికి అతికింది మేడమ్. మూడు వారాలు కష్టపడ్డ. ఒక్క గీత తేడా వచ్చినా నాకు తెల్సిపోతది."

"మంచిది. అయితే ముందు చేతి కొలత తీస్త. కూచో."

ఆమె రెండు కర్రముక్కలు తీసుకుంది. ఒకదాని చుట్టూ పచ్చి లప్పం ముద్ద పెట్టింది. నవత అరచేతికి కాస్త నూనె రాసి ముద్దని చేతికిచ్చింది.

"పిస్టల్ ఎట్ల పడ్తవో అట్ల పట్టు. నేను చెప్పేదాక వదలకు."

నవత పట్టుకుంది. సువార్తమ్మ తొందరపడలేదు, ఒక పాత కథ ఎత్తుకుంది. తను పోలీసులో చేరిన కొత్తలో ఒక ఇన్‌స్పెక్టరు ఉండేవాడట. పెరేడు రోజున ఆయన టోపీ కనపడలేదు. క్యాంపంతా వెతికించాడు. కుక్కలని తెప్పించాడు. కుక్క వాసన పట్టుకుంటూ తిన్నగా వచ్చి ఆయన కాళ్ళ దగ్గరే కూచుంది. టోపీ చంకలో ఉంది. ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేక ఆ కుక్కకే సెల్యూట్ కొట్టి నిలబడ్డారు అందరూ.

నవత నవ్వింది. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు.

"ఇటియ్యి," అంది సువార్తమ్మ. ముద్దని మెల్లగా విడిపించి కిటికీ అరుగు మీద పెట్టింది. రెండో కర్రకి లప్పం చుట్టి ఇచ్చింది.

"మళ్ళీ ఎందుకు మేడమ్?"

"పట్టు. రేపు జట్టులో పేరు రాకపోతే ఏం జేస్తవో చెప్పు."

నవత ముద్దని పట్టుకునే చెప్పింది. ఇంటికి, జనగామ పోతానంది. బాబాయి జిరాక్సు షాపులో కూచోవాలంది. కూచోవడం కష్టం కాదు, రోజూ వచ్చేవాళ్ళు, 'ఏం నవతా, తుపాకీ ఏమైంది' అంటారు, ఆ మాట వినడం కష్టం అంది. పోయిన ఏడాది ఎంపిక తప్పిపోయినప్పుడు అమ్మ ఏమీ అనలేదు, ఈసారి కూడా ఏమీ అనదు, అదే అన్నిటికంటే కష్టం అంది.

"చాలు. ఇటియ్యి."

సువార్తమ్మ రెండో ముద్దని తీసి మొదటిదాని పక్కన పెట్టింది. టీ పోసుకుని తాగింది. నవతకీ పోసింది. లప్పం గట్టిపడేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. ఒకసారి ఇర్ఫాన్ తొంగిచూసి, మేడమ్ కళ్ళు చూసి వెనక్కి పోయాడు.

తర్వాత ఆమె రెండు ముద్దల్నీ తెచ్చి బెంచి మీద పెట్టింది.

మొదటిదాని మీద వేళ్ళ అచ్చులు ఒకదాని పక్కన ఒకటి తేలిగ్గా పడి ఉన్నాయి. రెండోది సగం సన్నబడింది. వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, గోళ్ళు కర్రదాకా దిగాయి. బొటనవేలు పక్కకి తన్నుకుపోయి, లప్పం అటువైపు గడ్డలా లేచింది.

నవత రెండోదాన్ని వేలితో ముట్టుకుంది. "ఇది ఎవరిది?"

"నీదే. ఇంకెవరున్నరు ఇక్కడ?"

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత తన పిడిని తీసుకుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. మూడు వారాలు కూచుని పట్టించిన గడ్డ, ఇందాక తెలియకుండా లేచిన గడ్డ. రెండూ ఒకే చోట.

"ఏ చేతికి చెక్కమంటవ్?" అంది సువార్తమ్మ.

నవత పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

సువార్తమ్మ ఆమె చేతిలోంచి పిడిని తీసుకుని వైసులో బిగించింది. ఆకురాయి పెట్టి మొదలుపెట్టింది. మొదట మణికట్టు దగ్గరి పొర రాలింది. తర్వాత చిటికెన వేలి కిందది. నవత పళ్ళు బిగపట్టి చూస్తోంది. బొటనవేలి గడ్డ సగం పోయాక ఆగలేకపోయింది.

"మేడమ్, అది వద్దు. అది పోతే నాకు పట్టు దొరకదు."

ఆకురాయి ఆగలేదు.

"మేడమ్, రేపే పోటీ."

లప్పం అంతా పోయి చెక్క బయటపడింది. సువార్తమ్మ అక్కడా ఆగలేదు. వేళ్ళ కోసం లోతుగా తీసిన గాడుల అంచుల్ని కూడా అరగదీసింది. ఉప్పుకాగితంతో రుద్దింది. ఊదింది. చివరికి ఆ పిడి ఎవరిదో చెప్పలేనట్టు తయారైంది. నల్లపెట్టెదా ఎర్రపెట్టెదా అంటే ఆ షెడ్డులోని పండితులు కూడా తడుముకునేవాళ్ళు.

పిస్టల్‌కి బిగించి చేతికిచ్చింది. నవత గోడకేసి గురిపెట్టి పట్టుకుంది. దించింది. మళ్ళీ ఎత్తింది.

"మంచిగ లేదు మేడమ్."

"లేదు," అని ఒప్పుకుంది సువార్తమ్మ.

నవత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిస్టల్‌ని పెట్టెలో పెట్టేసింది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది, ఎవరో ఇంటికొచ్చిన కొత్తమనిషిని చూసినట్టు.

"రేపు ఏ చెయ్యి వస్తది మేడమ్?"

"నాకేం తెల్సు బిడ్డా. ఏది వస్తే అది వస్తది." సువార్తమ్మ బెంచి మీది చెక్కపొడిని చేత్తో పోగుచేసింది. "వచ్చినదాన్ని గుమ్మంల నిలబెట్టకు, లోపలికి రానియ్యి."

పొద్దున మూత పడింది. ఆఫీసరు రెండుసార్లు తెరిచి మూసి చూసుకున్నాడు. మనిషి నిరాశపడ్డట్టు కూడా ఉన్నాడు. చీటీ అంటించి ఇచ్చాడు.

లైను మీద నవత రాత్రంతా నిద్రపోని మనిషిలా నిలబడింది, నిజంగానే నిద్రపోలేదు. కుడి అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. తుడుచుకుంది. మళ్ళీ తడి. వేళ్ళు వాటంతట అవే ఒకదానిమీదికి ఒకటి ఎక్కబోయాయి. ఆ అచ్చు ఆమెకి తెలుసు. నిన్న బెంచి మీద చూసింది. సంచిలో ఉప్పుకాగితం ముక్క ఉంది, లైను మీద అది వాడనివ్వరు, అయినా ఎడమచెయ్యి ఒకసారి సంచి దాకా వెళ్ళి వచ్చింది.

పిడిలో గాడులు లేవు. వేళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఆగాయి.

మొదటి గుండు ఎడమవైపు కిందకి పోయింది. రెండోదీ అంతే. పోయిన ఏడాదైతే ఆమె అప్పుడే పిడిని తిట్టేది, భుజం బిగించేది, మూడోదాన్ని ఇంకా కిందకి పంపేది. ఈసారి పిస్టల్ దించి, చేతిని తిట్టకుండా ఊరుకుంది. అది వణికినంతసేపు వణకనిచ్చింది. తర్వాత ఎత్తింది.

పోటీ అయిపోయాక ఆమె హాలు బయట మెట్ల మీద కూచుంది. పేర్లు గోడకి అంటించారని అందరూ లోపలికి పరిగెత్తారు. ఆమె లేవలేదు.

కాసేపటికి ఇర్ఫాన్ వచ్చాడు. మగవాళ్ళ జాబితాలో అతని పేరు పైన ఎక్కడో ఉన్నట్టుంది, మొహం వెలిగిపోతోంది.

"ఉన్నవక్కా. ఆఖరి పేరు. ఇంకొకరు మంచిగ కొడితే కింద పడిపోయేటిదానివి."

"పేరు సరిగ్గ చూసినవా?"

"రెండుసార్లు చూసిన. ఒక నల్లపెట్టె పేరు కోసం నేను రెండుసార్లు చూసిన. మావోళ్ళకి చెప్పకు."

ఆమె నవ్వలేకపోయింది, ఏడవలేకపోయింది. పెట్టెని మాత్రం పక్కన కింద పెట్టింది.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. సువార్తమ్మ దిగి మెల్లగా నడిచి వచ్చింది. ఇర్ఫాన్ ఎదురెళ్ళి చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. మెట్టు మీద నవత పక్కన కూచుంది. జాబితా గురించి అడగలేదు. స్కోరు అడగలేదు.

"ఏ చెయ్యి వచ్చింది?"

"భయపడ్డదే వచ్చింది మేడమ్."

"కాల్చిందా?"

నవత తన కుడిచేతిని చూసుకుంది. అది ఇంకా వణుకుతూనే ఉంది.

"కాల్చింది," అంది.