మొదటి అట్టు

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త యంత్రం చేతికొచ్చిన కొండపాడు రాజు మేదినీవర్మ పనీ అంతే అయింది. యంత్రాధికారి కేతరాజు ఎక్కడో ఓడరేవు నుంచి ఓ ఇత్తడి భూతాన్ని మోయించుకొచ్చాడు. దాని నోట్లో వస్తువు పెడితే గుండ్రమూ మందమూ కొలుస్తుంది. బాగుంటే గంట కొట్టి కాగితం మీద రాజముద్ర ఏనుగు వేస్తుంది. బాగులేకపోతే గుర్రుమంటుంది.

రాజుగారు పది రోజులు దాని చుట్టూ ప్రదక్షిణం చేశారు. పదకొండో రోజు చాటింపు వేయించారు.

"ఊళ్ళో అట్లూ గారెలూ అమ్ముకునే ప్రతివాళ్ళూ పొద్దున వండిన మొదటిది యంత్రానికి చూపించాలహో! ముద్ర పడకపోతే ఆ పూట కొట్టు మూత! మూడుసార్లు తప్పితే పొయ్యి పడగొట్టడమే!"

మొదటిదే ఎందుకయ్యా అంటే, అదీ కేతరాజు బుర్రే.

"రెండోదీ మూడోదీ చూస్తామంటే దొంగలు మంచిది ఏరి తెస్తారు ప్రభూ. మొదటిదే నిజాయితీ!"

పుట్టి బుద్ధెరిగాక పొయ్యి మొహం చూడనివాడు మరి. వేళకి వండి వడ్డించేవాళ్ళుంటే నీతులకేం కొదవ!

ఈ నిజాయితీ కాస్తా వెళ్ళి కోటగుమ్మం ముందు అట్లు పోసుకునే సూరమ్మ నెత్తిన పడింది. ఆమెకున్నదల్లా అత్తగారిచ్చిన ఇనప పెనం ఒక్కటే. కాలు విరిగి మంచాన పడ్డ మొగుణ్ణి దాంతోనే సాకుతోంది. రాజుగారికి తాంబూలం అందించే బుచ్చన్న ఆమె అట్టు తినందే కోటలో కాలు పెట్టడు.

ఆ రోజు బుచ్చన్న వెళ్ళేసరికి పొయ్యి చల్లారి ఉంది. సూరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"రెండుసార్లు గుర్రుమంది తమ్ముడూ. రేపు మూడోది. మొదటి అట్టు అంటుకుపోతుందని అట్టు పోసిన ఏ చెయ్యైనా చెబుతుంది కదయ్యా! పెనం కాగాలి, ఉల్లిపాయ ముక్కతో రుద్దాలి, నూనె పట్టాలి. మొదటిది కాకులకే వేస్తాం. ఆ కాకుల అట్టు చూసి నా బతుకు తేల్చేస్తారా?"

"ఈ మాట కేతరాజుతో అన్నావా అక్కా?"

"అనకేం! పని రానివాళ్ళ సాకులన్నాడు."

బుచ్చన్నకి ఒళ్ళు మండిపోయింది. పళ్ళు నూరుతూ నడుం సంచిలోంచి వక్కల పొట్లం తీశాడు. విప్పినవాడు వక్క నోట్లో వేసుకోవడం మరిచిపోయాడు.

యంత్రం గదిలో రోజూ పొద్దున్నే ఒక కాగితం నలిపి పారేస్తారు. అది తెచ్చుకుని వక్కలు కట్టుకోవడం అతని అలవాటు. ఈ కాగితం మీద ఏనుగుకి తొండం లేదు. సంచిలో వెతికి నిన్నటిది తీశాడు. దాని ఏనుగుకి కాళ్ళు లేవు. మొన్నటిది ఒట్టి సిరా మరక.

"అక్కా, రేపు పొయ్యీ పెనమూ సభలోకే పట్టుకురా. నేను చెప్పేదాకా పిండి మాత్రం ముట్టుకోకు," అన్నాడు.

ఆ సాయంత్రం ఆకు చుడుతూ రాజుగారి చెవిన ఓ మాట వేశాడు.

"రేపటి పరీక్ష సభలో పెట్టిస్తే యంత్రం మహిమ అందరూ చూస్తారు కదా ప్రభూ! అంతవరకూ ఎవరూ దాన్ని తిప్పకుండా కాపలా పెట్టించండి. మొదటి గంట తమ చెవినే పడాలి."

రాజుగారు మురిసిపోయారు. కేతరాజు మీసం దువ్వుకున్నాడు. సభలో తన గొప్ప చూపించుకోవడం కన్నా అతనికి కావలసిందేముంది?

మర్నాడు సభ కిటకిటలాడింది. పట్టుగుడ్డ కప్పిన యంత్రాన్ని పెళ్ళికొడుకులా తెచ్చి నిలబెట్టారు. ఓ మూల సూరమ్మ పొయ్యి రాజేసింది. పిండి ముట్టుకోకుండా బుచ్చన్న వైపే చూస్తోంది.

"ఊఁ, వెయ్యవే నీ మొదటి అట్టు!" అన్నాడు కేతరాజు.

"ఒక్క క్షణం ప్రభూ," అంటూ బుచ్చన్న ముందుకొచ్చాడు. "పరీక్ష చేసేదాన్ని ముందు పరీక్షించొద్దూ? ఖాళీ కాగితం మీద యంత్రం చేత ఒక్క ముద్ర వేయించండి. ఏనుగు ఏనుగులా పడితే సూరమ్మ పొయ్యి నా చేతుల్తో నేనే పడగొడతాను."

కేతరాజు నసిగాడు. "ఎందుకు ప్రభూ, ఈ ఆకుల వాడి మాట పట్టుకుని..."

"వేయించవయ్యా, పోయేదేముంది?" అన్నారు రాజుగారు.

పిడి తిప్పారు. టప్‌మని ముద్ర పడింది. కాగితం రాజుగారి చేతికొచ్చింది. అది ఏనుగు కాదు సరికదా, పందికొక్కులా కూడా లేదు. రాజుగారు కాగితాన్ని తలకిందులు చేసి చూశారు. అలా చూసినా అంతే.

"ఇదేనా నా రాజముద్ర?" అని ఉరిమారు.

కేతరాజు పరుగున వచ్చి యంత్రానికి అడ్డం నిలబడ్డాడు.

"ప్రభూ! ఇది మొదటిది కదా! ఇత్తడి ఇంకా చల్లగా ఉంది, సిరా పట్టలేదు. మొదటిది ఎప్పుడూ ఇంతే, రోజూ పారేస్తాం. రెండోది చూసి తేల్చాలి!"

బుచ్చన్న సూరమ్మ వైపు తిరిగాడు.

"విన్నావా అక్కా? నీ పెనం తరఫున కేతరాజు గారే చెప్పేశారు. మొదటిది అవతల పారేసి, రెండోది వెయ్యి!"

సభంతా గొల్లుమంది. రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు. రెండో అట్టు పెనం మీంచి పువ్వులా లేచొచ్చింది. ఆయన దాన్ని యంత్రం నోట్లో పెట్టలేదు, తన నోట్లోనే పెట్టుకున్నారు.

"చట్టం రద్దు!" అన్నారు నములుతూనే. "సూరమ్మా, రేపటినుంచి నీ మొదటి అట్టు కాకులకి వెయ్యకు. కేతరాజు ఇంటికి పంపు. నిజాయితీ గలవాడు, తింటాడు."

ఆపైన చేతి కంకణం ఊడదీసి బుచ్చన్నకి ఇచ్చారు. బుచ్చన్న దాన్ని కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి సూరమ్మ ఒళ్ళో పెట్టి, మళ్ళీ వచ్చి చెయ్యి చాపాడు.

"ఇదేమిట్రా?" అన్నారు రాజుగారు.

"అది మొదటిది కదా ప్రభూ! లెక్కలోకి రాదు."

రాజుగారు పగలబడి నవ్వుతూ రెండో కంకణం ఊడదీశారు.