నీలం చిందీ

నాలుగు రోజులుగా తోముతున్నాడు ఓబులేసు. రైఫిల్ గొట్టంలోంచి నాలుగు రోజులుగా నీలమే వస్తోంది.

సీమలో ఒక జిల్లా పోలీసు ఆయుధాగారం అది. అక్కడివాళ్ళు కోత్ అంటారు. ఓబులేసు ఆ కోత్‌లో ఆర్మరర్, అంటే తుపాకుల బాగోగులు చూసేవాడు. ఆ పనిలోకి వచ్చి ఏడాదే అయింది. ట్రైనింగులో ఫస్టు వచ్చినవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక పోయేవాడు పాపం.

అతనికి పని నేర్పింది ఉసేనప్ప. ముప్పై ఏళ్ళకు పైగా ఆ కోత్‌లోనే ఉన్న మనిషి. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన సామానంతా కలిపితే ఒక గట్టి నూలు తాడు, నాలుగు గుడ్డముక్కలు, సీసాడు నూనె. ఆ గుడ్డముక్కనే చిందీ అంటారు. తాడుకు చిందీ కట్టి గొట్టంలోంచి లాగడం, ఆరబెట్టడం, నూనె పట్టించడం. అదే ఆయన విద్య.

ఉస్తాద్ రిటైరైన నెలకే ఓబులేసు కొత్త సామాను తెప్పించాడు. మసి తీయడానికొక సీసా. రాగి వదిలించడానికి మూడు, ఒకదాన్ని మించి ఒకటి ఘాటు. తుప్పు పట్టకుండా ఇంకోటి. వాటికి తోడు తళతళలాడే ఇత్తడి మొన బిగించిన పొడుగాటి కడ్డీ. అన్నీ బల్ల మీద పేర్చి ఉస్తాద్‌ను పిలిచి మరీ చూపించాడు.

"మీ కాలంలో ఇవి యాడుండె ఉస్తాద్, చిందీ నూనెతో నెట్టుకొచ్చినారు గానీ" అన్నాడు.

ఉసేనప్ప ఒక్కో సీసా మూత తీసి వాసన చూశాడు. "బాగున్నాయప్పా" అని ఇంటికి పోయాడు. ఆయనకు ఉడుక్కోవడం తెలీదు. ఓబులేసుకు అదే ఉడుకు.

ఇంతకీ ఈ నీలం సంగతి. గుండు పైన రాగి పూత ఉంటుంది. కాల్చినప్పుడల్లా అందులో కొంచెం గొట్టం లోపల అంటుకుంటుంది. రాగి వదిలించే మందు పట్టించి చిందీ తోస్తే, రాగి ఉన్నప్పుడు గుడ్డ నీలంగా వస్తుంది, లేనప్పుడు తెల్లగా వస్తుంది. ట్రైనింగులో చెప్పిన పాఠమే అది, అందులో తప్పేం లేదు.

సోమవారం పొద్దున కొత్త కడ్డీకి చిందీ చుట్టి తోమాడు, నీలం. మధ్యాహ్నం ఇంకో సీసా తీశాడు, ఇంకాస్త నీలం. మంగళవారం అన్నిటికంటే ఘాటైన సీసా తీస్తే ముక్కుపుటాలు అదిరిపోయాయి. చిందీ నీలిమందులో ముంచి తీసినట్టు వచ్చింది. లోపల ఎంత రాగి పేరుకుపోయిందో అనుకుని మళ్ళీ తోమాడు.

ఆ రైఫిల్ సుగుణ అనే కానిస్టేబులమ్మాయిది. ఆమెది అంటే, ఆమె పోటీల్లో కాల్చేది. జిల్లా మొత్తానికి పోటీకి పనికొచ్చే రైఫిల్ అదొక్కటే. శనివారం రాష్ట్ర పోలీసు పోటీలు. పోయినేడు సరిగ్గా బస్సెక్కే పూట కొడుక్కి జ్వరమొచ్చి ఆగిపోయింది. ఈ ఏడంతా పట్టుబట్టి సాధన చేసింది. రోజూ వచ్చి కిటికీ దగ్గర నిలబడేది.

"ఇస్తావా అన్నా?"

"ఇంకా రాగి పోలేదు సుగుణా. రేపు చూద్దాం."

గురువారం పొద్దున పైఅధికారి ఆర్.ఐ., అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు పిలిపించాడు. "సాయంత్రం ఐదుకల్లా తేల్చు. గొట్టం చెడిపోయుంటే చెడిపోయిందని రాసియ్యి. ఆ అమ్మాయి పేరు కొట్టేస్తా. ఊరికే నాన్చొద్దు."

ఓబులేసు కాగితం రాశాడు. సంతకం పెట్టడానికి మాత్రం చేయి రాలేదు. కాపాడమని చేతికిచ్చిన వస్తువు చేతిలోనే పాడైందని రాయాల. తన సంతకంతో ఒక మనిషి ఏడాది కష్టం గంగలో కలుస్తుంది. మగాడని చూసుకోకుండా కోత్‌లో ఒక్కడే కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాత మొహం కడుక్కుని, సిగ్గు విడిచి ఉస్తాద్ ఇంటికి పోయాడు.

ఉసేనప్ప అరుగు మీద కూర్చుని పక్కింటివాళ్ళ స్టవ్ బాగుచేస్తున్నాడు.

"ఏమప్పా, మొహం అట్లా పీక్కుపోయింది?"

ఓబులేసు అంతా చెప్పాడు. "ఎంత తోమినా నీలమే ఉస్తాద్. ఘాటు పెంచేకొద్దీ ఇంకా ఎక్కువొస్తాంది. ఇంతకంటే మంచి మందేదో మీరే చెప్పండి. ఎంత దూరం నుంచైనా తెప్పిస్తా."

ఉసేనప్ప చేతులు తుడుచుకుని లోపలికి పోయి చొక్కా తొడుక్కొచ్చాడు. "పద" అన్నాడు.

కోత్‌లో ఓబులేసు రైఫిల్ తీయబోయాడు.

"దాన్నుండనీ" అన్నాడు ఉస్తాద్.

స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. కడ్డీ తీసుకుని దాని ఇత్తడి మొనను పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిచాడు. కొత్త చిందీ ఒకటి తీసి ఆ మొనకు చుట్టాడు. అన్నిటికంటే ఘాటైన సీసా మూత తీసి చిందీ మీద నాలుగు చుక్కలు వేశాడు. కడ్డీని బల్ల మీద పెట్టాడు.

"టీ చెప్పు."

ఓబులేసుకు ఒళ్ళు మండింది. నాలుగు దాటుతోంది, ఈయనకు టీ కావాలంట. అయినా పోయి చెప్పొచ్చాడు. టీ వచ్చింది. ఉసేనప్ప వేడివేడిగా, ఒక్కో గుక్కా తాగాడు. తన మనవడు లెక్కల్లో తప్పాడని, వాడికి బుర్ర ఉంది గానీ కుదురు లేదని చెప్పుకొచ్చాడు. ఓబులేసు ఊఁ కొడుతూ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

గ్లాసు ఖాళీ అయ్యాక, "ఆ చిందీ విప్పు" అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు విప్పాడు.

చిందీ నీలంగా ఉంది. నాలుగు రోజుల్లో ఎప్పుడూ రానంత నీలంగా ఉంది.

చిందీ వంక చూశాడు. గోడవార స్టాండులో ఉన్న రైఫిల్ వంక చూశాడు. మళ్ళీ చిందీ వంక చూశాడు.

"రైఫిల్‌ను ముట్టుకోనేలేదు కదా ఉస్తాద్."

"లేదు."

ఓబులేసు కడ్డీ అందుకుని దాని ఇత్తడి మొనను వేలితో తడిమాడు. ఇత్తడిలో రాగి ఉంటుందని చిన్నపిల్లోడికి కూడా తెలుసు. తనకూ తెలుసు. తెలిసీ నాలుగు రోజులు తోమాడు. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. గుండెల మీది బండ ఎవరో దించి పక్కన పెట్టినట్టుంది.

ఉసేనప్ప మూలనున్న పాత నూలు తాడు తీసుకున్నాడు. దానికి చిందీ కట్టి, అదే సీసాలోని మందు వేసి రైఫిల్ గొట్టంలోంచి లాగాడు. కాసేపాగి పొడి చిందీ లాగి ఓబులేసు చేతిలో పెట్టాడు. కాస్త మసకగా ఉంది అంతే. నీలం అన్నది మచ్చుకైనా లేదు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూడమన్నాడు. లోపలి చాళ్ళు ఈ కొసనుంచి ఆ కొసదాకా చెక్కుచెదరకుండా మెలికలు తిరిగి మెరుస్తున్నాయి.

"ఎప్పటినుంచి ఇంత శుభ్రంగా ఉంది ఉస్తాద్?"

"సోమవారం నుంచి."

ఓబులేసు బల్ల దగ్గరికి పోయాడు. రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

అప్పుడే సుగుణ వచ్చింది. పేరు కొట్టేస్తారన్న మాట ఎవరో చెవిన వేసినట్టున్నారు, మనిషి మనిషిలా లేదు. కిటికీ ఊచ పట్టుకుని, "గొట్టం పోయిందంట కదన్నా" అంది.

"పోలేదు తల్లీ. రైఫిల్ బంగారంలా ఉంది. రేపు బస్సెక్కు."

ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తేరుకుని అడిగింది. "మరి ఈ నాలుగు రోజులూ ఏమైంది?"

మొండి రాగి పట్టింది, ఉస్తాద్ వచ్చి వదిలించాడు అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. ఎవరి మర్యాదా పోదు. ఉసేనప్ప ఇటు తిరగలేదు. రైఫిల్ బయట ఇనుముకు నూనె చిందీ రాస్తూ ఉన్నాడు.

"నీ రైఫిల్‌లో ఏం లేదు సుగుణా" అన్నాడు ఓబులేసు. "నా కడ్డీలో ఉండింది. సోమవారమే ఇచ్చుండాల నీకు. తప్పు నాది."

సుగుణ అతన్ని కొరకొరా చూసింది. నాలుగు రోజుల సాధన పోయింది మరి, చూడదా? అంతలోనే ఆ చూపు మెత్తబడింది. "పోనీలే అన్నా. ఇంకా గంట వెలుతురుంది, ఇటియ్యి" అంది. పుస్తకంలో సంతకం చేసి, రైఫిల్ భుజానికి తగిలించుకుని, ఫైరింగ్ మైదానం వైపు పరుగులాంటి నడకతో పోయింది.

ఓబులేసు బల్ల మీది సీసాలన్నీ తీసి అట్టపెట్టెలో వేయసాగాడు.

"ఏంచేస్తావు వాటిని?" అన్నాడు ఉసేనప్ప.

"పారేస్తా ఉస్తాద్."

"ఎందుకప్పా? నాలుగు రోజులూ అవి నిజమే చెప్పినాయి గదా."